నడిస్తే ఛాతీలో బరువు, ఆగితే తగ్గుతోంది. గ్యాసేనా?

పటమట కుర్రాడు:
నాన్నకి 61, షుగర్ ఉంది. ఈ నెల్లోనే మొదలైంది. రైతుబజారు నుంచి సంచి మోసుకొస్తుంటే ఛాతీ మధ్యలో బరువుగా ఉంటోందట, దవడ లాగుతోందట. కాసేపు నిలబడితే పోతోంది. వీధి చివర క్లినిక్‌లో ఈసీజీ తీస్తే నార్మల్. గ్యాస్ బిళ్లలు రాశారు. ఆయనేమో "నేను చెప్పలా" అంటూ మళ్లీ మిరపకాయ బజ్జీల బండి దగ్గర తేలారు. నాకు టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇలా అయిందా?

బ్రాడీపేట నాలుగో లైను:
మా అత్తగారికి అసలు నొప్పే లేదండీ. చెమటలు, వికారం, నీరసం, అంతే. పక్కింటావిడ గోలీసోడా తాగించమంది. మా ఆడపడుచు వినకుండా ఆటో ఎక్కించి జీజీహెచ్‌కి (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి) తీసుకెళ్లింది. మొదటి ఈసీజీలో ఏమీ కనపడలేదు. పంపేయకుండా ఉంచి మళ్లీ తీశారు, గుండె కండరం దెబ్బతింటే చూపించే ట్రోపోనిన్ రక్త పరీక్ష రెండోసారి చేశాక గుండెపోటని తేలింది. షుగర్ ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి ఇలా నొప్పి తెలియకుండానే రావచ్చన్నారు.

సూర్యారావుపేట స్టాఫ్‌నర్స్:
నడిస్తే వచ్చి ఆగితే తగ్గడం గ్యాస్ లక్షణంలా లేదు. యాంజైనా అయ్యుండొచ్చు. గుండెకి రక్తం తెచ్చే నాళం సన్నబడితే, కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం నడిచేటప్పుడు చాలదు. అందుకే నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ నార్మల్‌గానే ఉండొచ్చు. పైగా కొత్తగా మొదలైందంటున్నారు. ఒకటి రెండు రోజుల్లోనే కార్డియాలజిస్టుకి చూపించండి. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయాలో, నేరుగా యాంజియోకి (గుండె నాళాల్లోకి రంగు మందు పంపి ఎక్స్‌రేలో చూడటం) వెళ్లాలో ఆయన చెప్తారు. సొంతంగా ల్యాబ్‌కెళ్లి టీఎంటీ చేయించకండి. కూర్చున్నప్పుడు వచ్చినా, ఆగాక తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. బండి వెనక ఎక్కించుకుని మాత్రం బయల్దేరొద్దు.

మంగళగిరి బాబాయ్:
ఇంత కథ ఎందుకు? రక్తనాళాల్ని వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర ఒకటి నాలుక కింద పెట్టడమే. మా ఆఫీసులో అందరి జేబుల్లో ఉంటుంది.

సూర్యారావుపేట స్టాఫ్‌నర్స్:
అది డాక్టరు రాస్తేనే, బాబాయ్ గారూ. బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడ్డవాళ్లని చూశాను. వయాగ్రా లాంటి మాత్రలు వాడేవాళ్లకైతే ప్రాణం మీదికే వస్తుంది. ఆ సంగతేమో ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పరు.

తెనాలి మేస్టారు:
నాకు స్టెంట్ (మూసుకున్న గుండె నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) పడ్డాక సంగతి చెప్తాను. మూడో నెలలో పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. పళ్ల డాక్టరు రక్తం పల్చబడే మాత్రలు ఆపి రమ్మన్నారు. కార్డియాలజిస్టుకి ఫోన్ చేస్తే గట్టిగా అరిచారు: ఆపితే స్టెంట్‌లో గడ్డకడుతుంది, ఆపకుండానే పీకించుకోండి అని. అలాగే పీకారు, రక్తం కాస్త ఎక్కువసేపు కారింది, ఆగింది. రామిప్రిల్ అనే బీపీ, గుండె మాత్రతో పొడిదగ్గు పట్టుకుంది. సీసాలకి సీసాలు దగ్గు మందు తాగినా తగ్గలేదు, డాక్టరు ఆ మాత్ర మార్చాక పోయింది.

భవానీపురం:
ఖర్చు గురించి భయపడకండి. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో స్టెంట్ ఉంది. కార్డు, ఆధార్ ఇప్పుడే ఒక కవర్లో పెట్టుకోండి.

పటమట కుర్రాడు:
అందరికీ థాంక్సండీ. రేపు పొద్దున్నే కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాం. ఒకవేళ యాంజియో అంటే ఛాతీ కోస్తారా అని నాన్న భయం.

సూర్యారావుపేట స్టాఫ్‌నర్స్:
కోతేమీ ఉండదు. ఎక్కువగా మణికట్టు దగ్గర మత్తు సూది ఇచ్చి సన్న గొట్టం పంపుతారు, మెలకువగానే ఉంటారు. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చూస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ పూట వేసుకోవాలో వద్దో రేపే అడిగేయండి.