స్లీప్‌లో 0.4 మైక్రోఆంపియరా, 1.1 మైక్రోఆంపియరా: ఏ చిప్ తీసుకోవాలి?

మోటార్‌మోత: మోటారు బాడీకి బిగించే వైబ్రేషన్ సెన్సర్ డిజైన్ చేస్తున్నా. 19 ఆంపియర్ అవర్ల లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్ ఒక్కటే, పదేళ్లు నడవాలి. పది నిమిషాలకోసారి లేచి, కొలిచి, రేడియోలో పంపి పడుకుంటుంది. దీన్ని నడిపించే మైక్రోకంట్రోలర్ కోసం రెండు చిప్‌ల దగ్గర ఆగిపోయా. ఒకదాని స్లీప్ కరెంట్, అంటే పడుకున్నప్పుడు తినేది, 0.4 మైక్రోఆంపియర్లు, రెండోదానిది 1.1. రెండోదాని టూల్స్ నాకు బాగా అలవాటు. అయినా మనసు మొదటిదాని మీదకే పోతోంది.

నిద్రమోడ్: లెక్క వేసి చూడండి. తేడా 0.7. పదేళ్లంటే 87,600 గంటలు, అంటే మొత్తం 61 మిల్లీఆంపియర్ అవర్లు. మీ సెల్ ఊరికే కూర్చున్నా ఏడాదికి దాదాపు 1 శాతం, అంటే 190 మిల్లీఆంపియర్ అవర్ల దాకా తనంతట తనే పోగొట్టుకుంటుంది. అలవాటైన చిప్పే తీసుకోండి.

సోల్డర్‌పొగ: ఆగండాగండి. ఆ రెండు అంకెలూ 25 డిగ్రీల దగ్గరివి, అదీ డేటాషీట్‌లో టిపికల్ (మామూలుగా వచ్చే విలువ) కాలమ్‌లోవి. మోటారు ఒంటి మీద 70 దాటొచ్చు. వేడి పెరిగేకొద్దీ చిప్ లీకేజీ మెల్లగా పెరగదు, ఎగబాకుతుంది. సెల్ కూడా తొందరగా దిగిపోతుంది. డేటాషీట్ మొదటి పేజీ పెళ్లిచూపుల ఫొటో లాంటిది. 85 డిగ్రీల దగ్గర మ్యాగ్జిమమ్ ఎంతో లోపలి టేబుల్‌లో చూడండి. గదిలో 2 మైక్రోఆంపియర్లు చూపించిన నా బోర్డు ఓవెన్‌లో 15 దాటింది. ఆ రాత్రి నిద్ర లేదు, బోర్డుకీ నాకూ.

లూప్‌పవర్: రీడింగ్‌ని 4-20 మిల్లీఆంపియర్ల కరెంట్‌గా పంపుతూ, అదే వైర్ల నుంచి పవర్ తీసుకునే మా లూప్ ట్రాన్స్‌మిటర్లలో స్లీప్ సంగతి ఎవరూ అడగరు. చిప్, సెన్సర్, ఏడీసీ (సిగ్నల్‌ని అంకెలుగా మార్చేది) అన్నీ కలిపి దాదాపు 3.5 మిల్లీఆంపియర్లలో సర్దుకోవాలి. మెలకువలో మెగాహెర్ట్జ్‌కి ఎన్ని మైక్రోఆంపియర్లు తింటుందన్నదే మాకు ముఖ్యం. డేటా లాగింగ్ ఎక్కువుంటే ఎఫ్‌ర్యామ్ (పవర్ పోయినా డేటా నిలిచే మెమరీ) ఉన్న ఎంఎస్‌పీ430 రకం చిప్‌లు బాగుంటాయి. ఫ్లాష్‌లా ముందు చెరిపి రాయక్కర్లేదు.

మోటార్‌మోత: రెండోదాన్ని పెట్టి ప్రోటో బోర్డు చేసి కొలిచా. స్లీప్‌లో 332 మైక్రోఆంపియర్లు! చిప్ పోయిందంటారా?

నిద్రమోడ్: ప్రోగ్రామ్ పరీక్షించడానికి చిప్‌కి తగిలించే డీబగ్గర్ పీకేశారా?

మోటార్‌మోత: పీకేసి, పవర్ ఆఫ్ చేసి మళ్లీ ఇచ్చా. అదే 332.

సోల్డర్‌పొగ: మీది 3.3 వోల్టులైతే, 10 కిలోఓమ్‌లకి 330. ఏదో ఒక పుల్-అప్ (లైన్‌ని సప్లై వోల్టేజీ వైపు లాగి ఉంచే రెసిస్టర్) ఉన్న లైన్ సున్నా వోల్టుల దగ్గర ఉండిపోయింది.

మోటార్‌మోత: దొరికిందండీ! సెన్సర్ ఇంటరప్ట్ లైన్, అంటే సెన్సర్ చిప్‌ని పిలిచే లైన్. ఇంటరప్ట్ క్లియర్ చేయకుండానే చిప్‌ని పడుకోబెడుతున్నా, సెన్సరేమో లైన్‌ని కిందికి లాగి పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు 2.1 చూపిస్తోంది. చిప్‌ది 1.1 పోతే మిగతాది రెగ్యులేటర్, సెన్సర్ కలిసి. రెండోదే ఖాయం చేశా. రేపు ఓవెన్‌లో 85 దగ్గర పెట్టి అంకెలు ఇక్కడే పెడతా.