‘ఉప్పు కప్పురంబు’ పద్యంలో ఉన్నది ఉపమాలంకారమేనా?

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడఁజూడ రుచుల జాడ వేరు
పురుషులందుఁ బుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

ఈ పద్యంలోని అలంకారమేదని తొమ్మిదో తరగతిలో అడిగినప్పుడు, ఎక్కువమంది పిల్లలు ‘పోలిక’ అనే మాటను చూసి ఉపమ అని రాశారు. ఆ తప్పు వారిది కాదు. ‘వలె, పోలె, లాగా కనిపిస్తే ఉపమ’ అని గుర్తులు బట్టీ పట్టించిన మా బోధనది. ‘వాన వచ్చేలా ఉంది’ అన్న మాటలో ‘లా’ ఉన్నా పోల్చడమే లేదు. ‘అన్నలాగే తమ్ముడూ పొడుగు’ అన్నప్పుడు పోలిక ఉన్నా, ఉపమ అంటే ‘మనోహరమైన’ పోలిక అని లక్షణంలో చెప్పిన ఆ విశేషం లేదు. ‘వలె’ అని అర్థమిచ్చే సంస్కృత ‘ఇవ’ శబ్దం, ఒకదాన్ని మరొకటిగా ఊహించే ఉత్ప్రేక్షాలంకారాన్ని కూడా సూచించగలదని సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో ఏనాడో చెప్పాడు కదా.

వేమన ఇక్కడ ఉప్పును కప్పురంతో పోల్చి ఊరుకోలేదు. చూపుకు ఒకటిగా ఉన్నవి రుచిలో వేరవుతాయన్న మొదటి వాక్యానికి, మనుషుల్లో పుణ్యపురుషులు వేరన్న రెండో వాక్యం అద్దంలో నీడలా నిలుస్తుంది. రుచిభేదం బింబమైతే గుణభేదం ప్రతిబింబం. అందుకే దీనిని, రెండు వాక్యాలు ఇలా బింబప్రతిబింబాలుగా నిలిచే దృష్టాంతాలంకారమంటాను. ‘వేరు’ రెండుచోట్లా ఉన్నది కనుక ప్రతివస్తూపమ అనే మరో అలంకారం కాదా అని అడగవచ్చు. ఒకే ధర్మాన్ని వేర్వేరు మాటల్లో చెప్పినప్పుడే అది ప్రతివస్తూపమ. ఇక్కడ మాట ఒకటే, వేరుతనాలు రెండు.

అయితే ఈ పేర్లకన్నా ముందు పిల్లలకు వస్తువులు తెలియాలి. ఇప్పటి ఇళ్లలో ఉప్పు మెత్తని పొడి, కర్పూరమంటే హారతి బిళ్ల. ఆ రెండూ ‘ఒక్క పోలిక’గా ఉండవు కనుక పద్యం మొదటి పాదంలోనే అబద్ధమనిపిస్తుంది. అందువల్ల నేను రాళ్ల ఉప్పునూ, చక్కెరపొంగలిలో వేసే పచ్చకర్పూరం పలుకులనూ రెండు కాగితాల మీద పోసి, దూరం నుంచి ఏది ఏదో చెప్పమంటాను. తర్వాత దగ్గరికి పిలిచి వాసన చూడమంటాను. హారతి కర్పూరం తినకూడనిది కనుక దానిని తరగతికి తీసుకురాను. ‘చూడఁజూడ’ అన్న మాటకు ‘పరీక్షించి చూసిన కొద్దీ’ అనే అర్థం అప్పుడు విడిగా చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత, ‘ఎట్లో, అట్లే’ చేర్చి పద్యభావాన్ని ఒకే వాక్యంగా రాయమంటాను. ‘ఒకేలా కనిపించే ఉప్పూ కర్పూరమూ రుచిలో ఎట్లు వేరో, పుణ్యపురుషులు తక్కిన పురుషులకంటే అట్లే వేరు’ అని రాస్తారు. ఇప్పుడది ఉపమకు దగ్గరయింది. ఈ రెండు మాటలనూ వేమన ఎందుకు వదిలేశాడని అడిగితే, మొన్న ఒక అమ్మాయి, “మనమే కలుపుకోవాలని, మాస్టారూ” అంది.