స్టేషన్ పక్కన చిన్న ఫ్లాటా, కాస్త అవతల పెద్ద ఇల్లా?

ప్రశ్న: మేమిద్దరం రోజూ లోకల్ రైల్లోనే ఉద్యోగాలకు వెళ్తాము. తొలిసారి ఇల్లు కొంటున్నాము కనుక, స్టేషన్‌ను ఆనుకుని ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకోవాలో, అదే ధరకు రెండు స్టేషన్ల అవతల దొరికే పెద్ద ఇల్లు తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాము.

జవాబు: రైల్లో అదనంగా గడిచే నిమిషాల కన్నా గుమ్మం నుంచి ప్లాట్‌ఫాం దాకా పట్టే సమయమే ఎక్కువ విసిగిస్తుంది. బేరం మొదలుపెట్టక ముందే, ఆఫీసు వేళలో ఒకసారి, రాత్రి చివరి రైలు దిగి మరొకసారి ఆ దారిన నడిచి చూడండి. వెలగని వీధిదీపాలూ, వాన నీరు నిలిచే పల్లమూ అప్పుడే కనిపిస్తాయి.

మరో జవాబు: పట్టాల నుంచి దూరం రెట్టింపైనా రైళ్ల సగటు శబ్దం సుమారు 3 డెసిబెల్సే తగ్గుతుంది కనుక, మధ్యలో మరో భవనం అడ్డుంటే తప్ప ఒక వీధి వెనక్కి జరిగి పెద్దగా లాభం లేదు.

ఇంకొకరు: రాబోయే కొత్త లైను పేరు చెప్పి ధర పెంచితే మాత్రం ఒప్పుకోకండి.