శ్రీశైలం ఘాట్‌కి చిల్లుల బ్రేక్ డిస్కులు అవసరమా?

కొండాపూర్ హ్యాచ్‌బ్యాక్
అన్నలూ, ఒక సలహా కావాలి. నాది పెట్రోల్ బండి. ముందు చక్రాలకు వెంటిలేటెడ్ డిస్కులు (మధ్యలో గాలి ఆడే సందులున్నవి), వెనక డ్రమ్ బ్రేకులు. ప్యాడ్లు అయిపోవచ్చాయి, డిస్కుల అంచున వేలికి తగిలేంత గట్టు కట్టింది. ఎలాగూ రెండూ మార్చాలి. రాణిగంజ్‌లో ఒక షాపాయన చిల్లులూ గాట్లూ రెండూ ఉన్న డిస్కులు, సిరామిక్ ప్యాడ్లు కలిపి సెట్టుగా వేసుకోమంటున్నాడు. ధర మామూలు సెట్టుకి రెట్టింపు పైనే. రోజూ తిరిగేది ఆఫీసుకే. కానీ మొన్న దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే పెడల్ మెత్తబడి కిందికి పోయింది, ప్రాణం గొంతులోకి వచ్చింది. డబ్బు పెట్టొచ్చంటారా?

పాత మెకానిక్ శిష్యుడు
డిస్కుల మాట తర్వాత, ముందు పెడల్ సంగతి చూద్దాం. ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలేస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. మెత్తబడి కిందికి పోయిందంటే ఆయిల్ మరిగింది. ఆవిరి బుడగలు నలుగుతాయి, నీ కాలి బలం వాటికే సరిపోతుంది. చిల్లుల డిస్కు దీన్నేం చేయగలదు? బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ మరిగే వేడికి కనీస ప్రమాణం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, నీళ్లు చేరాక 155. డాట్ 3 అయితే 205, 140. చివరిసారి ఎప్పుడు మార్చావో చెప్పు.

ఉప్పల్ భాయ్
అన్నా, అంతా ఆయిల్ మీదికే నూకుతే ఎట్ల? నేను స్లాటెడ్, అంటే గాట్ల డిస్కులు ఏసుకున్న. వానల తొక్కినప్పుడు మొదటి పట్టు మంచిగ తెలుస్తది. ప్యాడ్ మీద పేరుకున్న దుమ్మును గాట్లు గీకేస్తయి. రేసు బండ్లకు ఉత్తగనే పెడ్తరా?

పాత మెకానిక్ శిష్యుడు
భాయ్, గాట్ల మీద నాకు పేచీ లేదు. ప్యాడ్ కొంచెం తొందరగా అరుగుతుంది, తొక్కినప్పుడు గరగరమంటుంది, అంతే. నా గొడవ చిల్లులతో. పాతకాలపు ప్యాడ్లు బాగా వేడెక్కితే వాటిలోని జిగురు కాలి గ్యాస్ వచ్చేది, అది పోవడానికి దారి అని చిల్లులు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లకు ఆ బాధ చాలా తక్కువ. పైగా వేడిని ముందు మోసేది డిస్కులోని ఇనుమే, చిల్లు పెట్టిన కొద్దీ ఆ ఇనుము తగ్గుతుంది. ఘాట్‌లో ఎర్రగా కాగి చల్లారడం మళ్లీ మళ్లీ జరిగితే చిల్లు అంచు నుంచే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. షాపుల్లో సెట్టుగా అమ్మే చౌక రకాలైతే చెప్పక్కర్లేదు. అల్లాయ్ చక్రాల సందుల్లోంచి చూడ్డానికి బాగుంటాయి, ఒప్పుకుంటా.

లెక్కల పిచ్చి
ఒక్క లెక్క చెప్పి పోతా. వేగం 80 నుంచి 120కి పెరిగితే బ్రేకు మింగాల్సిన శక్తి 2.25 రెట్లు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా పోనిస్తున్నారు కాబట్టి ఇది పుస్తకం లెక్క కాదు. కానీ ఒక్కసారి గట్టిగా తొక్కితే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకమంటోందంటే బ్రేకుల బలం టైరు పట్టుని దాటేసినట్టే. ఆ పైన ఎన్ని డిస్కులు మార్చినా బండి ముందుగా ఆగదు. అరిగి గట్టిపడ్డ టైర్ల మీద బ్రేకులకు డబ్బు పోయడం నాకైతే అర్థం కాదు.

అల్లాయ్ శుభ్రం
ప్యాడ్ల మాట ఎవరూ ఎత్తరేం? సిరామిక్‌కే నా ఓటు. చప్పుడు లేదు, చక్రాల మీద నల్లదుమ్ము తక్కువ. లోహపు పొడి కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడ్లు వాడినన్నాళ్లూ ఆదివారం పూట అల్లాయ్స్ తోముకోవడమే సరిపోయింది.

పాత మెకానిక్ శిష్యుడు
సిటీలో సిరామిక్ హాయే, కాదనను. కానీ నలుగురూ లగేజీతో ఘాట్ దిగేవాడికి మంచి సెమీ మెటాలిక్కే నా సలహా, వేడికి అది ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. దుమ్ము కడుక్కోవచ్చు. సెమీ మెటాలిక్ అని పేరున్న ప్రతి ప్యాడూ ఒకటే అని మాత్రం అనుకోవద్దు. చాలా ప్యాడ్ల మీద కోడ్ చివర రెండు అక్షరాలుంటాయి, మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికన్నా తక్కువ పట్టుదైతే కాగినప్పుడు పట్టు తగ్గుతుందని అర్థం. రేసు ప్యాడ్ల జోలికి అసలే పోకు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి సిగ్నల్ దగ్గరే భయపెడతాయి.

ఇంకోటి. ఏ డిస్కు కొన్నా బిగించే పని దగ్గర నిలబడి చూడు. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పుని వైర్ బ్రష్‌తో గీకకుండా కొత్త డిస్కు ఎక్కించేవాళ్లే ఎక్కువ. ఆ తుప్పు పొర మీద డిస్కు వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు స్టీరింగ్ వణుకుడు మొదలవుతుంది, అప్పుడు ‘డిస్కు వంగింది సార్’ అంటారు. చాలాసార్లు వంగిందేమీ ఉండదు, మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా మారుతుంది, లేదా ప్యాడ్ మసాలా మచ్చలుగా అంటుకుంటుంది. ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిన్నులకు కొత్త గ్రీజు పెట్టించు. తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేలా ఖాళీ రోడ్డు మీద వేగం 60 నుంచి 10 దాకా కొన్నిసార్లు తగ్గించు. పూర్తిగా ఆపి, వేడి మీద పెడల్ నొక్కిపట్టి ఉంచొద్దు.

కొండాపూర్ హ్యాచ్‌బ్యాక్
సర్వీసు బిల్లులన్నీ తిరగేశా అన్నా, బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఒక్కదాంట్లోనూ లేదు. డాట్ 5.1 పోయించనా మరి?

లెక్కల పిచ్చి
డాట్ 4 ఉన్నచోట 5.1 పోయొచ్చు, కొత్తగా ఉన్నప్పుడు 260 దాకా మరగదు. డాట్ 5 వేరే, అది సిలికాన్, పొరపాటున కూడా కలపొద్దు. నీకు డాట్ 4 చాలు, రెండేళ్లకోసారి మార్పించు. దిగేటప్పుడు రెండో గేర్‌లో పెట్టి ఇంజిన్‌తో పట్టుకో, ఇది పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్.

ఉప్పల్ భాయ్
గేర్ మాట మంచిగుంది. అయినా చిల్లులు వద్దంటే సరే గని, స్లాటెడ్ మీద నేను తగ్గ. బడ్జెట్ ఉంటే పేరున్న కంపెనీది చిల్లులు లేని ఉత్త స్లాటెడ్ ఏస్కో తమ్మీ.

కొండాపూర్ హ్యాచ్‌బ్యాక్
ఈసారికి మామూలు డిస్కులు, సెమీ మెటాలిక్ ప్యాడ్లు, డాట్ 4. మిగిలిన డబ్బు ముందు టైర్లకి.

పాత మెకానిక్ శిష్యుడు
వెనక డ్రమ్ములు కూడా విప్పించు. లోపల బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు కింద తడి కనిపిస్తే అది మార్చకుండా కొత్త ఆయిల్ పోయించకు.