అప్‌డేట్: కాలి చెప్పు, నోటి చెప్పు చుట్టాలు కావు

కాలికి తొడిగే చెప్పు, 'మాట చెప్పు'లోని చెప్పు ఒకే మూలం నుంచి వచ్చాయా అని అడిగాను కదా. మీ జవాబులన్నీ చదివాను. నడుస్తుంటే కిర్రుమంటూ మాట 'చెబుతుంది' కాబట్టి ఆ పేరు వచ్చిందన్న వివరణ నాకు భలే నచ్చింది. నిజం మాత్రం కాదు!

గుట్టు పక్క భాషల్లోనే ఉంది. పాదరక్షను తమిళులు 'చెరుప్పు' అంటారు, కన్నడంలో 'కెర' అనే మాట ఉంది. పలకడం అనే అర్థంలో తమిళానికి 'చెప్పు' విడిగా ఉంది. అంటే అక్కడ రెండూ వేరువేరు మాటలే. మన దగ్గర మొదటిదానిలోని రకారం జారిపోయి, రెండూ ఒకే రూపానికి వచ్చాయి. మన చకారానికి కన్నడంలో కకారం ఉండటం కొత్తేమీ కాదు: చెవికి కివి, చెడుకు కెడు. బెంగళూరులో ఉంటూ రోజూ 'కివి' వింటున్నా నాకు ఈ లంకె తట్టలేదు.

అయినా తికమక ఏకవచనంలోనే. 'చెప్పులు' అంటే పాదరక్షలే, 'చెప్పండి' అంటే మాటే.

ఒకరు 'జోడు' సంగతి ఎత్తారు. అది ఇంకా ఘనమైనది: జంట, సాటి, చెప్పులు, కళ్లజోడు, పాత నిఘంటువుల్లో కవచం కూడా. వీటిలో కవచం ఎలా చేరిందో తెలిసినవారు రాయండి.