ఫుట్‌బాల్ షాట్ గురి కొలిచేదెట్లా? అండర్-14 పిల్లలు, వల లేని గోల్‌పోస్టు, తిరుపతి

ఎర్రమట్టి_గ్రౌండ్:
అన్నలూ, తిరుపతిలో యూనివర్సిటీ వైపు ఒక మట్టి గ్రౌండ్‌లో పొద్దున్నే అండర్-14 పిల్లలకు ప్రాక్టీస్ జరుగుతోంది. పదహారు మంది, ఆరు బంతులు. గోల్‌పోస్టు ఫుల్ సైజే, వల మాత్రం లేదు. ఒక్కొక్కరికి పది షాట్లిచ్చి ఎన్ని లోపలికి పోయినాయో రాస్తున్నాం. ఒకరోజు ఏడు, మర్నాడు నాలుగు, మళ్లీ ఎనిమిది. పిల్లలు మెరుగవుతున్నారో లేదో ఆ అంకెల్లో తెలీడం లేదు. సెన్సార్లు కొనే స్తోమత లేదు. టేపు, నోటుబుక్కు, ఒక ఫోను ఉన్నాయి. వీటితో పద్ధతిగా కొలిచేదెట్లా? సగానికి సగం షాట్లు బార్ (గోల్ పైన అడ్డకడ్డీ) మీద నుంచి పోతున్నాయి, దానికీ ఏమన్నా చెప్పండి.

గోల్‌లైన్:
లోపలికి పోయిందా లేదా అన్నది గురి కాదు తమ్ముడూ. కీపర్ లేని గోల్‌లో నడిమధ్యకు తన్నినా మీ పుస్తకంలో అది ఒకటే. ఎడమ మూలకు కొట్టబోయి కుడి మూలకు పోయినా ఒకటే. పిల్లాడు ఎక్కడికి కొట్టాలనుకున్నాడో తన్నకముందే నోటితో చెప్పాలి: "ఎడమ కింద", "కుడి పైన". అది లేకుండా ఎన్ని కొలతలు తీసుకున్నా దండగే.

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. అంటే 24 అడుగులు, 8 అడుగులు. నాలుగడుగుల చదరాలు గీస్తే సరిగ్గా పన్నెండు గడులొస్తాయి, పైన ఆరు, కింద ఆరు. మీకు పనికొచ్చేవి నాలుగు మూలల గడులే. ఒక్కో పోస్టు నుంచి లోపలికి నాలుగడుగులు కొలిచి, బార్ నుంచి రెండంగుళాల వెడల్పు గుడ్డ పేలిక వేలాడదీయండి. పాత చీర చింపితే చాలు. కింది కొసకు గుప్పెడు ఇసుక మూట. నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పేలికకు ఎర్రగుడ్డ ముడి వేయండి, పోస్టు మీద అదే ఎత్తున సుద్దగీత పెట్టండి. ముడికీ గీతకూ మధ్య కంటితోనే గడి కనబడుతుంది, అడ్డతాడు అక్కర్లేదు. నైలాన్ తాడు బిగించి అసలు కట్టొద్దు. బంతి దానికి తగిలి దారి మారుతుంది, పరిగెత్తే పిల్లాడి మెడకూ పడుతుంది. కీపర్‌ను నిలబెట్టే ముందు పేలికలు తీసేయండి. పోస్టు భూమిలో పాతింది కాకుండా జరిపే రకమైతే, వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలు వేశాకే పిల్లల్ని దగ్గరికి రానివ్వండి. అది ముందుకు పడితే ప్రాణానికే ముప్పు.

గోల్ గీత నుంచి 11 మీటర్లు, 16.5 మీటర్లు టేపుతో కొలిచి ముగ్గుపిండితో గుర్తు పెట్టుకోండి. పొడి సున్నం వద్దు, కంట్లో పడితే కాలుస్తుంది.

చెప్పిన గడికి కొడితే 3. దాన్ని అంటుకున్న గడికి పోతే 1. మిగతా దేనికైనా సున్నా, గోల్ అయినా సరే. సున్నా పక్కన ఒక అక్షరం రాయండి: పైకి పోతే "పై", పక్కకు పోతే "ఎ" లేదా "కు". మార్కుల కన్నా ఈ అక్షరాలతోనే ఎక్కువ తెలుస్తుంది. ఒకే పిల్లాడికి వరసగా "పై, పై, పై" ఉంటే కారణం ఒక్కటే ఉంటుంది, దాన్ని పట్టుకోవచ్చు.

పక్కకాలు:
ఆ "పై" సంగతి. ముందు తన్నే కాలు కాదు, ఆనించే కాలు చూడండి. కుడికాలి వాడికి ఎడమకాలు బంతి పక్కన, జానెడు దూరంలో, వేళ్లు గురి వైపు పెట్టి పడాలి. అది బంతికి వెనకబడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది, తన్నే కాలు పైకి లేస్తూ బంతి కింది సగానికి తగులుతుంది, బంతి బార్ మీద నుంచి పోతుంది. చివరి అడుగు చిన్నదిగా వేసేవాళ్లలో ఇది ఎక్కువ.

మట్టి గ్రౌండ్ కావడం ఇక్కడ మీకు కలిసొస్తుంది. బంతి పెట్టే చోట కాస్త తడిపి చదును చేయండి, బురద కాకుండా. షాట్ అయ్యాక పిల్లాణ్ని పక్కకు జరగమని ఆ బూటు అచ్చు చూడండి. బంతి ఉన్న గుర్తుకు వెనక ఉందా, పక్కన ఉందా, వేళ్లు ఎటు తిరిగాయి, అంతా అక్కడే కనబడుతుంది. "ఎ", "కు" తప్పులకు కూడా మొదట అచ్చులో వేళ్ల దిక్కే చూడండి. అచ్చు సరిగ్గానే ఉండి బంతి పక్కకు పోతుంటే చీలమండ వదులుగా ఉందన్నమాట. బూటు లేసుల మీద కొట్టేటప్పుడు వేళ్లు కిందికి దించి చీలమండ బిగించాలి, పాదం లోపలి వైపుతో కొట్టేటప్పుడు వేళ్లు పైకెత్తి బిగించాలి.

ఫోను స్లో మోషన్‌లో పెట్టి, బంతికీ గురికీ ఒకే వరసలో, తన్నేవాడి వెనక నడుమెత్తులో నిలబెట్టండి. గట్టినేల మీద బూటు అడుగున ఉండే పొడవు స్టడ్లు (బొడిపెలు) జారతాయి, పొట్టి రబ్బరు స్టడ్లు మేలు.

ఎర్రమట్టి_గ్రౌండ్:
అచ్చు చూడటం మాకు తట్టనే లేదన్నా, రేపే మొదలుపెడతాం. 11, 16.5 రెండింటి మార్కులూ కలిపేయొచ్చా? పది షాట్లు చాలవంటే ఎన్ని?

లెక్కలపుస్తకం:
కలపొద్దు సార్. 11 మీటర్ల నుంచి, గోల్‌కు ఎదురుగా నిలబడితే ఆ మూలగడి వెడల్పు దాదాపు 5.9 డిగ్రీల కోణం. 16.5 నుంచి 4.1 డిగ్రీలే. పిల్లాడి కాలు అదే, గురి అదే, అయినా వెనక్కి జరిగితే మార్కులు పడిపోతాయి. ఒక్కో దూరానికి వేరే పేజీ పెట్టండి. ఎడమకాలికి కూడా వేరే పేజీ.

పది షాట్ల సంగతి: సగం సార్లు కొట్టగల పిల్లాడికి పదిలో 3 నుంచి 7 దాకా ఎంతైనా రావచ్చు, అది మామూలే. పదిసార్లు లెక్కేస్తే ఒకసారి ఆ హద్దు కూడా దాటుతుంది. అందుకే మీ ఏడు, నాలుగు, ఎనిమిదిలో పిల్లాడు మారినట్టు రుజువు లేదు. అదే పిల్లాడు యాభై కొడితే దాదాపు అంతే నమ్మకంతో 20కీ 30కీ మధ్య పడతాడు. రోజూ పదే కొట్టించండి, కానీ ఐదు రోజులవి కూడి యాభైకి ఒక అంకె వేయండి. పాత యాభైతో కొత్త యాభైని పోల్చండి, ఏ ఒక్క రోజునూ చూసి మెచ్చుకోవద్దు, తిట్టొద్దు.

బంతి గాలి కూడా ఒకేలా ఉండాలి. నిబంధనల్లో 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఒప్పుకుంటారు, పంపు గేజి మీద 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. మీరు 11 దగ్గర పెట్టుకుని ఆరు బంతులకూ అంతే ఉంచండి. పొద్దున 25 డిగ్రీల్లో 0.8 అట్మాస్ఫియర్లు నింపిన బంతి ఎండలో 45 డిగ్రీలకు వేడెక్కితే 0.92 అవుతుంది. మే నెలలో తిరుపతి ఎండకు ఆటకు ముందు గేజి పెట్టడం మానొద్దు.

చిత్తూరు_లెఫ్ట్‌వింగ్:
ఒక్క మాట కలుపుతా. పదీ ఒకే చోటి నుంచి, ఒకే మూలకు కొట్టిస్తే మార్కులు తొందరగా పెరుగుతాయి, మ్యాచ్‌లో మాత్రం కనబడవు. నేర్పేటప్పుడు ప్రతి షాట్‌కూ చోటు, మూల మార్చండి, పక్క నుంచి పాస్ ఇచ్చి కదిలే బంతిని కొట్టించండి. కొలిచే పది మాత్రం ఎప్పుడూ ఒకే పద్ధతిలో, వార్మప్ తర్వాత, అలసిపోకముందే.

వల లేదు కాబట్టి బంతులు తెచ్చే ఇద్దరూ గోల్‌కు బాగా వెనక, పక్కగా నిలబడాలి. ఆరు బంతులూ అయ్యేదాకా ఎవరూ గీత దాటకూడదు.

ఈ వయసులో మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి వస్తే బలంగా తన్నడం ఆపించి డాక్టరుకు చూపించండి. ఎదిగే పిల్లల్లో పదేపదే పరుగు, తన్నుడు వల్ల అది మామూలుగా వస్తుంది. అలాంటి రోజు ఆ పిల్లాడి పేజీలో గీత కొట్టి "నొప్పి" అని రాయండి, మార్కు వేయొద్దు.