గల్ఫ్‌పోర్ట్ గ్రాస్ లాన్: పాత ఇంటి కొలతలు కావాలి

అమెరికాలో మిసిసిపీ తీరాన, గల్ఫ్‌పోర్ట్‌లో 1836లో కట్టిన గ్రాస్ లాన్ అనే ఇల్లు 2005 ఆగస్టు 29న కత్రినా తుపాను ఉప్పెనకు కొట్టుకుపోయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టిన నకలు.

పాత ఇంటికి అట్టతో మోడల్ చేస్తున్నాను. రెండంతస్తుల ఎత్తు లేచిన నలుపలకల స్తంభాలు, 10 అడుగుల వెడల్పు వరండాలు కుదిరాయి. పునాది ఎత్తు దగ్గరే ఆగిపోయాను. ఫొటోల్లో మెట్లు లెక్కపెడదామంటే పొదలు అడ్డం, అదో టెన్షన్! నకలు కొలతలు వాడటం నాకిష్టం లేదు. వరద భయంతో ఎత్తు పెంచి ఉండొచ్చు. అక్కడి ఒక ఆఫీసుకు మెయిల్ పెట్టినా జవాబు లేదు. ఆన్‌లైన్‌లో ఫొటోలే తప్ప కొలతలు దొరకలేదు.

2005కి ముందు ఆ వరండా నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఉండేదో చూపే డ్రాయింగు ఎక్కడ దొరుకుతుంది?